బతికున్న అత్తకు పెట్టిన శోకం

ఏడవమని నన్నెవరైనా అడిగితే ఒళ్లు మండిపోతుంది. నవ్వమంటే నవ్వుతాను, పొమ్మంటే పోతాను. ఏడుపు మాత్రం ఒకరు అడిగితే ఇచ్చేది కాదు. అలాంటిది నేను హనుమకొండలో ఒక ఏసీ హాలులో, మెత్తటి కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషుల ముందు, నిక్షేపంగా బతికున్న మా అత్తకు శోకం పెట్టి ఏడ్చాను. ఆ వీడియో ఇప్పటికీ జనం ఫోన్లలో తిరుగుతోంది. చూసినవాళ్లు తలా ఒక మాట అంటున్నారు. కోడలికి సిగ్గు లేదన్నవాళ్లున్నారు, అత్త మీద పగ తీర్చుకుందన్నవాళ్లున్నారు, ఎంత బాగా నటించిందో అన్నవాళ్లూ ఉన్నారు. నటించిందన్నవాళ్ల మీదే నాకు ఎక్కువ మంట. అందుకే జరిగింది జరిగినట్టు నేనే చెప్తున్నాను.

మా ఊరు రిజర్వాయర్ కింద మునిగిపోయింది. మమ్మల్ని తెచ్చి పరకాల పోయే రోడ్డుకు లోపలగా, అన్నింటికీ ఒకే రంగు వేసిన ఇళ్ల కాలనీలో పెట్టారు. ఇల్లిచ్చారు, కరెంటిచ్చారు, నల్లా ఇచ్చారు. పేరు మాత్రం తీసేసుకున్నారు. పక్క ఊరివాళ్లకు మేము ముంపోళ్లం. రేషన్ షాపులో ముంపోళ్లు వెనక నిలబడాలి. వాళ్ల బోరింగు దగ్గర ముంపోళ్లు బిందె పెడితే మూతి ముడుస్తారు. ఊరు పోగొట్టుకున్నది మేము, వాళ్ల సొమ్మేదో తిన్నట్టు చూసేది వాళ్లు! నేను వరంగల్ మట్టెవాడలో ఒక టైలరు షాపులో జాకెట్లు కుడతాను. అక్కడికొచ్చే ఆడవాళ్లు "ఏ ఊరమ్మా మీది?" అని అడిగితే మునిగిపోయిన ఊరి పేరే చెప్తాను. "అదెక్కడున్నది?" అంటే "నీళ్ల కింద" అంటాను. మళ్లీ అడగరు.

మా అత్త సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో ఎవరింట్లో ప్రాణం పోయినా డప్పుల వాళ్లకంటే ముందు మా అత్తకు కబురొచ్చేది. శోకం పెట్టడంలో ఆమెను మించిన మనిషి మా చుట్టుపక్కల లేదు. శోకమంటే ఊరికే కళ్లనీళ్లు పెట్టుకోవడం కాదు. పీనుగ పక్కన కూర్చుని, వరస పెట్టి పిలుస్తూ, ఆ మనిషి ఎట్లా పుట్టింది, ఏం కష్టపడింది, ఎవరు ఆదుకున్నారు, ఎవరు ముంచారు అన్నీ రాగం తీసి చెప్పాలి. రోగమొస్తే చూడని కొడుకునీ, పొలం గట్టు జరిపిన పాలివాణ్ణీ అందులోనే కడిగేస్తారు. శోకంలో అన్న మాటకు తప్పు పట్టకూడదు. పైగా సావుకొచ్చిన మనిషి పీనుగ లేచేదాకా కదలకూడదు. అంటే తిట్లు తినేవాడు కూడా అక్కడే కూర్చుని వినాలి. మామూలు రోజుల్లో ఆడది గొంతెత్తితే పళ్లు రాలగొడతాననే మగవాళ్లు మా అత్త శోకం ముందు తల వంచుకుని కూర్చోవడం నేను చూశాను.

ఇంట్లో మాత్రం ఆమెకూ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆమెకు నోరెక్కువ, నాకు కోపమెక్కువ. చారులో ఉప్పు దగ్గర మొదలైన జగడం మా పుట్టింటివాళ్ల పెంపకం దాకా పోయేది. మా ఆయన ఇద్దరికీ చెప్పలేక ఆటో తీసుకుని రోడ్డున పడేవాడు. కాలనీకి వచ్చాక ఆ జగడాలకు కొత్త కారణం ఒకటి తోడైంది.

మాలో కాల్చరు, పూడుస్తారు. కాలనీ నక్షాలో బొందల గడ్డకని ఒక చెక్క భూమి చూపించారు. తీరా వచ్చి చూస్తే ఆ చెక్క నిండా పత్తి. పక్క ఊళ్లో పలుకుబడి ఉన్న ఆసామి ఒకడు దున్ని వేసుకున్నాడు. ఇదేందని మావాళ్లు అడిగితే, "ఖాళీగ వడి ఉంటె ఏసిన. మీరేమన్న రేపే సస్తాండ్రా?" అన్నాడు. చావు వాడిని అడిగి రాదు కదా. ఎదురింటి ముసలాయన పోయాడు. పాడె కట్టుకుని పోతే పక్క ఊరివాళ్లు తమ బొందల గడ్డ ముందు అడ్డం నిలబడ్డారు. "ముంపోళ్ల పీనుగలు ఈడ వెట్టద్దు. మీ సర్కారునడుగుండ్రి" అన్నారు. ఎండలో పాడె దించి దండాలు పెట్టాం. దండం పెట్టిన చేతులు తెగ్గోసుకోవాలనిపించింది నాకు. ఆఖరికి ఆ ముసలాయనను ట్రాలీలో వేసుకుని వరంగల్ తీసుకెళ్లి కాల్చి వచ్చారు. మూడొద్దుల నాడు పోయినవాళ్ల పేర పిట్టకు అన్నం పెట్టాలి. బొంద ఉంటే కదా బొంద దగ్గర పెట్టేది! ఆయన భార్య కాలనీ నీళ్ల ట్యాంకు కింద విస్తరి పెట్టుకుని, ఏ కాకీ రాక, పొద్దు గూకేదాకా కూర్చుంది.

ఆ ముసలమ్మను చూసి వచ్చిన రోజు నుంచి మా అత్తకు ఒకటే మాట. "నన్ను యాడ వెడ్తరే?" అన్నం తింటూ అదే, పళ్లు తోముకుంటూ అదే. నేను మిషన్ మీద కూర్చుంటే ఎదురుగా వచ్చి కూర్చుని అదే. "మీ మామ పక్కన నాకు జాగ పెట్టుకున్న. బండ సుత పాతిచ్చిన. నీళ్లల్ల పాయె. నన్ను గిట్ల ట్రాలీల ఏస్కపోయి కాలవెడ్తరా?" విని విని నాకు పిచ్చెక్కేది. "నా నెత్తి మీద పెడ్త, ఊకో!" అని అరిచేదాన్ని. "నీ నెత్తి మీద నాకేం సుకమే, గదొక నెత్తా!" అనేది. నవ్వొచ్చే మాటలే. కాని ఆమె రాత్రిళ్లు అన్నం ముద్ద వదిలేయడం మొదలుపెట్టాక నాకు నవ్వు రాలేదు.

దరఖాస్తులు పెట్టాం. పెట్టని ఆఫీసు లేదు. ఒకరు ఆ జాగ మా కిందికి రాదంటారు, ఒకరు సర్వే కావాలంటారు, ఒకరు జిల్లా పెద్దసారుకు తీరిక లేదంటారు. ఆ పెద్దసారు మరిపెడ దిక్కు మనిషని, మంచివాడని అందరూ చెప్పేవారు. మంచివాడైతే ఏం చేసుకోవాలి? మేమెప్పుడు వెళ్లినా ఆయన మంచితనం మీటింగులోనే ఉండేది. ఓట్లప్పుడు మా గల్లీల్లో చెప్పులరగ తిరిగిన లీడరు కూడా మమ్మల్ని చూసి కారు అద్దం ఎక్కించుకున్నాడు.

అట్లాంటి రోజుల్లో మేడం దిగింది. హైదరాబాద్ నుంచి వచ్చింది. ఊరు పోయినవాళ్ల చేత కథలు చెప్పించి, బొమ్మలు వేయించి, హనుమకొండలో పెద్ద ప్రదర్శన పెడతారట. దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పింది, మాకు నోరు తిరగలేదు. మెత్తగా మాట్లాడేది. ప్రతి మాటకూ ముందు "మీ బాధ నాకర్థమవుతుంది" అనేది. ఏం అర్థమైందో అడగాలని నాకుండేది. కాని కాలనీలోని ఆడవాళ్లు సరదాపడ్డారు, నేను నోరు మూసుకున్నాను. పొడుగాటి తెల్ల గుడ్డ పరిచి, రంగులూ కుంచెలూ ఇచ్చి, "మీ మనసులో ఏముంటే అది గీయండి" అంది.

మా మనసులో ఊరుంది. ఊరే గీశాం. గీయడం మొదలైన కాసేపటికే కొట్లాట లేచింది. మా పక్కింటామె తన ఇంటి గోడను రెండు వేళ్లు ముందుకు గీసిందని ఊళ్లో ఆమె పక్కింట్లో ఉన్నామె కుంచె లాక్కుంది. "ఊరు మునిగినా నీ బుద్ధి మునగలేదు గదనే! గా గోడ మా జాగలకు జరిపినవని పంచాయితిల ఒప్పుకున్నవ్ గదా, మల్ల జరుపుతానవా?" అని జుట్టు జుట్టు పట్టుకోబోయారు. మేడం బిత్తరపోయింది. మేము పగలబడి నవ్వాం. చాలా కాలం తర్వాత అంత నవ్వు నవ్వాం.

ఆ తర్వాత ఒకామె మూలకు జరిగి, చిన్న మన్ను కుప్పలాగా ఒకటి వేసింది. "మా నాయిన బొంద" అంది. ఇంకొకామె దాని పక్కన తన బిడ్డది వేసింది. ఒకరిని చూసి ఒకరు వచ్చి కూర్చున్నారు. మా అత్త నా చేత మా మామది వేయించింది. "బండ ఎయ్యి, బండ మర్సిపోతానవ్" అని పక్కన నిలబడి పోరింది. చూస్తుండగానే ఇళ్లకంటే బొందలెక్కువయ్యాయి. గుడ్డలో సగం బొందల గడ్డే అయింది. మేడం సాయంత్రం వచ్చి చూసి తలాడించింది. "ఇంత చావు ఎందుకమ్మా? కొంచెం ఆశగా ఉండాలి. అక్కడ చెట్లు వేద్దామా, పిట్టలు వేద్దామా?" అంది. నాకు తిక్క రేగింది. "మేడం, మా బొందల మీద చెట్లు నాటనీకి మీరెవరు?" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. చిన్నబోతే బోయింది. బాధ గీయమన్నది తను, గీస్తే వంక పెట్టేది కూడా తనేనా?

అంతటితో ఊరుకుంటే బాగుండేది. మా అత్త శోకాల సంగతి ఎవరో ఆమె చెవిన వేశారు. మర్నాడు మా ఇంటికొచ్చి, "అమ్మమ్మా, మీరు స్టేజీ మీద ఒక ఐదు నిమిషాలు ఆ ఏడుపు పాట పాడాలి, చాలా గొప్ప కళ అది" అంది. వాకిట్లో ఉన్న ఆడవాళ్లందరూ ఒక్కసారి "అయ్యో!" అని చెంపలేసుకున్నారు. చావు లేని చోట శోకమెత్తితే చావును పిలిచినట్టే. పిల్లలు ఆటకు ఏడ్చినా వీపు పగలగొట్టే కాలనీ మాది. "పీనుగ లేకుంట శోకమేంది మేడం? మీ ఇంట్ల వెట్టిచ్చుకోండ్రి!" అని నేను లేచాను. మా అత్త నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. మేడం వైపు చూసి, "గా దినం ఎవలెవలు వస్తాండ్రు?" అని అడిగింది. మేడం ఒక్కొక్కరిని చెప్తూ మా పెద్దసారు పేరు కూడా చెప్పింది. ముఖ్య అతిథట. "సరె. వెడ్త" అంది మా అత్త.

మేడం గడప దాటగానే నేను అత్త మీద విరుచుకుపడ్డాను. "నీకు మతి గిట్ల పోయిందా అత్తమ్మా? ఎవలు సచ్చిండ్రని ఏడుస్తవ్?"

"గది నేను జూసుకుంట."

"గాళ్లు సప్పట్లు గొడ్తరు. నీ ఏడుపుకు సప్పట్లు గొడ్తరు! గంత ఇజ్జత్ లేదా మనకు?"

"నువ్వు గిన్నిసార్లు ఆఫీసుకు పోయినవ్, గా సారు ఒక్కనాడన్న కూసొని విన్నడా?" అంది అత్త. "గాడ కూసుంటడట. లేచి పోకుంట కూసుంటడట. నాకు గది సాలు." ఆ పైన ఎంత అడిగినా ఉలకలేదు, పలకలేదు. ఆ వారమంతా నేను ఆమెతో మాట్లాడలేదు.

హాలుకు మమ్మల్ని వ్యాన్లో తీసుకెళ్లారు. మెడలో కార్డులు వేశారు. మా గుడ్డను స్టేజీ మీద ఇనప కడ్డీకి తగిలించారు, దాని మీద లైట్లు పెట్టారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఒకాయన మా మామ బొంద ముందు నిలబడి పళ్లికిలించాడు. ఆ తర్వాత మేడం మైకు పట్టుకుని, మేము గొంతు లేనివాళ్లమనీ, ఈ రోజు మాకు గొంతు దొరికిందనీ చెప్పింది. గొంతు లేదా! మా అత్తకా, నాకా? ఒక్కసారి మా ఇంటి పక్కవాళ్లను అడిగితే తెలిసేది. పెద్దసారు ముందు వరసలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

మా అత్తను పిలిచారు. మెట్లెక్కలేనని నన్ను పక్కన పట్టుకోమంది. పైకెక్కాక మైకు దగ్గరికి పోకుండా నేరుగా గుడ్డ దగ్గరికి పోయింది. "దీన్ని దించు" అంది. ఎందుకని అడిగినా చెప్పదని తెలుసు. కడ్డీ నుంచి ఊడదీశాను. మేడం "అమ్మమ్మా, అది ఎగ్జిబిట్..." అని ఏదో అంటోంది. మా అత్త స్టేజీ నడుమ వెల్లకిలా పడుకుంది. పీనుగను పడుకోబెట్టినట్టు కాళ్లు దక్షిణం దిక్కు తిప్పుకుంది. ఊరి బొమ్మ ఉన్న ఆ గుడ్డను కాళ్ల నుంచి ముఖం దాకా కప్పుకుని, ఒక్క మాట అంది.

"ఏడ్వు."

ముందు భయం, దాని వెనకే కోపం. నన్ను అడగకుండా, నాకు చెప్పకుండా, బతికున్న మనిషికి శోకమెత్తే పాపం నా నెత్తిన పెట్టింది ముసల్ది! రేపు ఆమెకేమైనా అయితే నేను కదా ఊరందరి నోట్లో పడేది? "లే అత్తమ్మా, నీకు దండం వెడ్త, లే" అని గుసగుసగా అన్నాను. గుడ్డ కింది నుంచి "నీ నోట్ల మన్ను వడ, ఎత్తుకోవే. సారు మల్ల ఫోను జూస్తాండు" అని వినిపించింది. ముఖం మీద గుడ్డ కప్పుకుని కూడా ఎట్లా చూసిందో ఆ దేవుడికే తెలియాలి. కింద కూర్చున్నాను. గుడ్డ కింద ఆమె పాదాలు పట్టుకున్నాను. అవి చల్లగా ఉన్నాయి. ఏసీకి చల్లబడ్డాయని ఇప్పుడు చెప్పగలను, అప్పుడు నాకు ఆ ఆలోచన రాలేదు. గొంతు దానంతటదే లేచింది.

"ఓ అత్తో... నా అత్తా... ఎట్ల వడుకున్నవే అత్తా, ఎవ్వలు లేనట్టు... కూడు వెట్టిన ఊరు నీళ్లల్ల పాయెనే అత్తా, మామ పక్కన జాగ నీళ్లల్ల పాయెనే... ఇల్లిచ్చిన సర్కారు బొంద మరిసెనే... పత్తికి జాగున్నది అత్తా, నీకు జాగ లేకపాయెనే..."

శోకం మొదలైతే నోరు మన చేతిలో ఉండదు. నా సొంత లెక్కలు కూడా బయటికొచ్చాయి. "నేను బాలింతనైననాడు నన్ను సూడకపోతివే అత్తా..." అని రాగం తీశాను. గుడ్డ కింద నుంచి పీనుగ "సూసిన! అబద్ధమాడకే!" అని కసిరింది. ముందు వరసలో ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె చూసింది నిజమే. అయినా శోకంలో కోడలు ఒక నిష్ఠూరమైనా ఆడకపోతే ఆ శోకం చప్పగా ఉంటుంది. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

లీడరును తిట్టాను. కారు అద్దం సంగతి చెప్పాను. ట్రాలీలో పోయిన ముసలాయనను తలుచుకున్నాను. అప్పుడు వెనక వరసల్లో చప్పట్లు మొదలయ్యాయి. నాకు ఎక్కడలేని రోషమొచ్చింది. లేచి నిలబడి, "సావు కాడ సప్పట్లు గొడ్తరా? మీ ఇండ్లల్ల గట్లనే గొడ్తరా?" అని అరిచాను. చప్పట్లు ఆగిపోయాయి. అప్పుడే పెద్దసారు వైపు నా చూపు పోయింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. ఫోను జేబులోకి పోయింది. బూట్లు విడిచి పక్కన పెట్టాడు, చేతులు కట్టుకున్నాడు. ఎవరూ విడవమనలేదు. మరిపెడ దిక్కు పుట్టిన మనిషి కదా, అక్కడా సావు కాడ చెప్పులు విడుస్తారు; శోకం చెవినపడగానే ఒళ్లు అలవాటు ప్రకారం నడిచింది. ఆయన వెంట వచ్చిన ఆఫీసర్లు ఆయన సాక్సుల వైపు చూసి, ఏం చేయాలో తెలియక వాళ్లూ లేచారు. సారు దీన్ని ఆటగా చూడడం లేదు, సావుగానే చూస్తున్నాడని నాకు అర్థమైంది. ఇక వదలకూడదనుకున్నాను.

కాలనీ ఆడవాళ్లకు ఎవరూ సైగ చేయలేదు. ఒకరి వెనక ఒకరు స్టేజీ ఎక్కి, సావు ఇంటికొచ్చినట్టే నా మెడ మీద పడి ఎత్తుకున్నారు. గోడ కోసం కొట్లాడుకున్న ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఒక్కొక్కరూ తమ తమ చచ్చినవాళ్లను పిలిచారు. నీళ్ల కింద ఉన్నవాళ్లందరినీ పిలిచారు. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. మేడం మైకు అందుకుని, "థాంక్యూ, థాంక్యూ అమ్మా, చాలా అద్భుతంగా చేశారు. ఇప్పుడు తర్వాతి కార్యక్రమం..." అంది.

"పీనుగ లేవలేదు మేడం" అన్నాను.

సారు వాచీ చూసుకుని తలుపు వైపు ఒక అడుగు వేశాడు. పూడ్చే జాగ లేక కాల్చేసిన ముసలాయన భార్య ఆయనకు అడ్డం పోయింది. "సారూ, సావుకొచ్చి పీనుగ లేవకముందు పోతరా? మీ దిక్కు గట్లనే జేస్తరా?" అని మెల్లగానే అడిగింది. ఆయన ఆగిపోయాడు. "మరి లేపుండ్రి అవ్వా" అన్నాడు ఇబ్బందిగా. "లేపి యాడికి కొంటవోవాలె సారు?" అంది ముసలమ్మ.

ఆయన స్టేజీ ఎక్కాడు. వంగి, "అవ్వా, జర లే. నీ జాగ సంగతి నేను జూస్త" అన్నాడు. గుడ్డ కదల్లేదు. "రేపు సర్వేయర్‌ను పంపుత."

"రేపే లేస్త" అంది గుడ్డ.

హాలులో ఎవరూ నవ్వలేదు. సారు మెడ రుద్దుకున్నాడు. పక్కనున్న అధికారిని పిలిచి ఏదో అడిగాడు, ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. మళ్లీ వంగాడు. "నక్షాల ఉన్నదంటున్నరు. గా జాగ మీదే అవ్వా. చెప్పిన గద, లే."

"నా చెవుల చెప్తె నేనొక్కదాన్నే ఇంట. మైకుల చెప్పు."

ఆయన మైకు దగ్గరికి పోయి, ఫలానా చోట బొందల గడ్డకని చూపించిన భూమి మా కాలనీదేనని, వేరేవాళ్లకు దాని మీద హక్కు లేదని చెప్పాడు. వంద ఫోన్లు లేచాయి. అప్పుడు గానీ మా అత్త ముఖం మీది గుడ్డ తీయలేదు. లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుని, నా వైపు తిరిగి, "రాగం మంచిగనే తీస్తవ్ గని, మాటకు మాటకు నడుమ ఊపిరి తీస్కోవాలె" అంది. వ్యాన్లో వచ్చేటప్పుడు ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ మనిషి అట్లా వాలడం అదే మొదలు.

సర్వేయర్ వచ్చాడు, హద్దు రాళ్లు పాతాడు. పత్తి ఆసామి మాత్రం పత్తి ఏరేదాకా ఆగాలన్నాడు. మా పెద్దమనుషులు సరేనని తలూపి వచ్చారు. వాళ్లను చూస్తే నాకు కంపరమెత్తింది. "గా యముని సుత పత్తి ఏరెదాక ఆగుమనుండ్రి" అంది మా అత్త. ఆ మధ్యలో మేడం ఫోన్ చేసింది. మా ఇద్దరినీ ఢిల్లీ తీసుకుపోతుందట, అక్కడ మళ్లీ అట్లాగే చేయాలట. అత్త ఫోను లాక్కుని, "ఢిల్లీల జాగ నాకెందుకమ్మా? నాకీడ దొరికింది" అని పెట్టేసింది. ముద్ద వదలకుండా తినేది ఆ రోజుల్లో. సాయంత్రాలు హద్దు రాయి దాకా నడిచిపోయి, ఎక్కడ పెట్టాలో వచ్చి నాకు చెప్పేది. రోజుకొక చోటు చెప్పేది.

పత్తి కాయ ఇంకా పగలకముందే అత్త పోయింది. మధ్యాహ్నం చాయ్ అడిగింది. తెచ్చేలోపే కూర్చున్నచోటే ఒరిగిపోయింది. ఇక చుట్టాలు మొదలుపెట్టారు. "బతికున్న మనిషికి శోకం వెడ్తె ఉంటదా? నోటితోటి సంపింది" అని నాకు వినపడేట్టే అన్నారు. మా ఆయన పిన్ని ఒకామె నన్ను పీనుగ దగ్గరికి రావద్దంది. "రాకుంట ఆపు చూద్దాం" అన్నాను. ఆపలేదు.

పాడె ఎత్తుకుని పోయేసరికి పత్తి ఆసామి తన మనుషులతో గెట్టు మీద నిలబడి ఉన్నాడు. "పంట మీద పీనుగను వెడ్తరా? మనుషులేనా మీరు? రెండు వారాలు ఆగలేరా?" అన్నాడు. మగవాళ్లు మళ్లీ దండాలకు చేతులెత్తబోయారు. నేను ముందుకు పోయి, "నీ పత్తి ఆగుతది, మా పీనుగ ఆగది. పక్కకు జరుగు" అన్నాను. వాడు కదల్లేదు. నా వెనక ఎవరో ఫోను తీసి ఆ వీడియో పెట్టారు. సారు గొంతు వినిపించింది, ఆ భూమి కాలనీదేనని. పక్కామె తన ఫోనులో పెట్టింది. ఇంకొకామె పెట్టింది. చూస్తుండగానే గెట్టు పొడుగునా అన్ని ఫోన్లలోంచీ అదే మాట, ఒకటి అయిపోకముందే ఇంకొకటి. వాడు ఏదో అరిచాడు, ఎవరికీ వినపడలేదు. ఒక్కొక్క మొక్కే పీకుకుంటూ మేము లోపలికి పోయాం. మొదటి మొక్క నేనే పీకాను. వాడు ఉమ్మేసి, పక్కకు జరిగాడు.

బొంద తవ్వి దింపారు. మట్టి పోసేటప్పుడు ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. "కోడలివి, నువ్వే ఎత్తుకోవాలె, ఏడ్వవే" అన్నారు. నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. కంట్లో చుక్క లేదు. వెనక నుంచి ఆ పిన్ని, "హాలుల గంత గొంతు వెట్టింది. ఇయ్యాల సూడు, సుక్క నీళ్లు లేవు" అంది.

నేను వెనక్కి తిరిగాను. "నేను ఏడ్సిన. మా అత్త బతికుండంగ ఏడ్సిన, ఆమె చెవులార విన్నది. అబద్ధం జెప్తె తప్పు వట్టింది, ఊపిరి యాడ తీసుకోవాల్నో సుత చెప్పింది. మీరు గింతమందికి ఏడ్సిండ్రు గదా, గాళ్లల్ల ఒక్కలన్న విన్నరా?"

మా ఆయన చేతిలోంచి పార తీసుకుని మిగిలిన మట్టి నేనే పోశాను.